నెట్‌వర్క్ కెమెరా ఎంపిక: తీగ, వైఫై, సిమ్‌లలో ఎక్కడికి ఏది?

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా కెమెరాల దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎన్ని మెగాపిక్సెళ్లది కావాలన్నదే. నిజానికి అది చివర తేల్చుకోవలసిన విషయం. కెమెరా తీసిన దృశ్యం ఏ దారిన ప్రయాణిస్తుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది, దానిని చూసే అధికారం ఎవరి ఖాతాలో ఉంటుంది అన్న మూడు సంగతులు ముందుగా తేలితే మిగిలిన ఎంపికలు చాలావరకు వాటంతట అవే కుదురుతాయి. ఈ మూడూ తేల్చుకోకుండా ఖరీదైన కెమెరా కొన్నవారు వర్షాకాలంలో బొమ్మ రాక ఒకసారి, ఇంటి దృశ్యాలు పరాయివారి చేతిలో పడతాయేమోనన్న భయంతో మరొకసారి ఇబ్బంది పడతారు.

మన రెండు జిల్లాల్లో ఒకే సలహా అందరికీ సరిపోదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మూడంతస్తుల ఇల్లు, విడవలూరు దగ్గర రొయ్యల చెరువు, చీమకుర్తి గ్రానైట్ యార్డు, టంగుటూరు పక్కన పొగాకు బ్యారన్, ఉదయగిరి వైపు మెట్ట పొలంలో బోరు షెడ్డు అనే ఈ అయిదు చోట్లా ఎండ, ఉప్పుగాలి, దుమ్ము, కరెంటు, మొబైల్ సిగ్నల్ అయిదు రకాలుగా ఉంటాయి. అందువల్ల కెమెరా కన్నా ముందు చోటును చూడాలి.

పాత తీగ ఉన్నవారు

ఇంట్లోనో దుకాణంలోనో ఇప్పటికే కోయాక్సియల్ కేబులు, డీవీఆర్ (పాత రకం కెమెరాల రికార్డరు) ఉండి, గోడల లోపల వేసిన కేబులు బాగుంటే, కేవలం కొత్తదనం కోసం అంతా పీకి నెట్‌వర్క్ కెమెరాలకు మారవలసిన అవసరం లేదు. ఆ కేబులు మీదనే అయిదు మెగాపిక్సెళ్ల వరకు బొమ్మ ఇచ్చే అనలాగ్ హెచ్‌డీ కెమెరాలు దొరుకుతున్నాయి. అయితే కెమెరా పాతది కాబట్టి బయటివారు చొరబడే ప్రమాదం లేదనుకోకూడదు. డీవీఆర్‌ను రౌటర్‌కు కలిపిన క్షణం నుంచి అది కూడా నెట్‌వర్క్ పరికరమే, కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. కొత్తగా కట్టే ఇంటికి మాత్రం డీవీఆర్ వైపు వెళ్లడం నాకు సబబుగా తోచదు.

ఈథర్నెట్ తీగ: కదలని చోటుకు మొదటి ఎంపిక

ఇల్లు, దుకాణం, గోదాము వంటి శాశ్వత కట్టడాలకు ఒకే ఈథర్నెట్ కేబులు మీద కరెంటు, బొమ్మ రెండూ నడిచే పీఓఈ పద్ధతే మేలైనది. ఒక మూల పీఓఈ స్విచ్చి లేదా పీఓఈ ఉన్న ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల రికార్డరు) పెట్టి, అక్కడి నుంచి ప్రతి కెమెరాకూ ఒక్కొక్క కేబులు లాగితే సరిపోతుంది. గేటు స్తంభం దగ్గర వేరుగా ప్లగ్గు పాయింటు, అడాప్టరు పెట్టవలసిన పని ఉండదు. వానలో తడిసి ముందుగా చెడేది సాధారణంగా ఆ అడాప్టరే కాబట్టి ఈ ఒక్క లాభమే కేబులు లాగే కూలిని సమర్థిస్తుంది. పైగా అన్ని కెమెరాలకూ కరెంటు ఒకేచోట నుంచి వెళ్తుంది కాబట్టి ఆ స్విచ్చికి, ఎన్‌వీఆర్‌కు, రౌటర్‌కు కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినప్పుడు కూడా మొత్తం వ్యవస్థ నడుస్తుంది.

ఈ పద్ధతిలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. స్విచ్చి 802.3ఏఎఫ్ ప్రమాణానికి చెందినదై ఉండాలి. ఈ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క పోర్టు 15.4 వాట్ల వరకు ఇస్తుంది, మామూలు బుల్లెట్, డోమ్ కెమెరాలకు అది ధారాళంగా చాలుతుంది. తల తిప్పే పెద్ద కెమెరాలకు మాత్రం 30 వాట్లు ఇచ్చే 802.3ఏటీ అవసరం కావచ్చు. తక్కువ ధరకు దొరికే పాసివ్ పీఓఈ స్విచ్చులు ఎదుటి పరికరం ఏమిటో అడిగి తెలుసుకోకుండానే తీగలోకి వోల్టేజీ పంపుతాయి. వాటికి సరిపడని కెమెరానో, పొరపాటున లాప్‌టాప్‌నో తగిలిస్తే పోర్టు కాలిపోవచ్చు.

కేబులు విషయంలో పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతాను. బజారులో క్యాట్ 6 అని రాసి అమ్మే చుట్టల్లో కొన్నింటి లోపల పూర్తి రాగి ఉండదు, అల్యూమినియం తీగకు పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. దాని నిరోధం ఎక్కువ కావడంతో దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పగలు బాగానే పనిచేసిన కెమెరా, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే కరెంటు చాలక ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటే అనుమానించవలసిన మొదటి వస్తువు కేబులే. తీగ చివర కొంచెం గీకి చూస్తే లోపల తెల్లగా కనిపించేది అల్యూమినియం. స్విచ్చి నుంచి కెమెరా దాకా దూరం 100 మీటర్లు దాటకూడదన్నది ఈథర్నెట్ నియమం. ఎండ తగిలే చోట బయటి వాడకానికి తయారైన నల్ల తొడుగు కేబులు వేయాలి, లేదా పైపులో నుంచి పంపాలి.

కెమెరా వెనుక వేలాడే తోకను గోడ మీద అలాగే వదిలేయడం మన దగ్గర తరచుగా కనిపించే అలసత్వం. ఆ జాయింటు జంక్షన్ పెట్టె లోపల ఉండాలి, కనెక్టరుకు కెమెరాతో పాటు వచ్చే రబ్బరు మూత బిగించాలి, గోడలోకి వెళ్లే ముందు కేబులు రంధ్రం కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. అలా చేస్తే తీగ వెంట జారే వాననీరు వంపు దగ్గరే కారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన గాలితో కలిసి అడ్డంగా కొట్టే తీర ప్రాంతంలో ఈ చిన్న వంపు కెమెరా ఆయుష్షును నిర్ణయిస్తుంది.

పిడుగుల సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. ఇంటి నుంచి వంద అడుగుల దూరంలో ఉన్న పశువుల కొట్టానికో, యార్డు ఆఫీసు నుంచి తూకం గదికో ఆరుబయట రాగి కేబులు లాగితే, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ తీగలో పుట్టే అధిక వోల్టేజీ రెండు చివరలా ఉన్న పరికరాలను ఒకేసారి కాల్చివేయగలదు. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోవచ్చు గాని, సరైన ఎర్తింగ్ లేని చోట అది అలంకారం మాత్రమే. రెండు వేర్వేరు కట్టడాల మధ్య ఆప్టికల్ ఫైబర్ వేసి, రెండు చివరలా ఫైబరును ఈథర్నెట్ కేబులుకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టడం నిజమైన పరిష్కారం. గాజు పోగు విద్యుత్తును మోయదు కాబట్టి పిడుగు ఒక కట్టడం నుంచి మరొక కట్టడానికి ఆ దారిన పాకలేదు. అయితే లోపల ఉక్కు తీగ ఉన్న ఫైబరును ఎంచుకుంటే ఈ లాభం పోతుంది.

వైఫై: గోడ లోపలి దాకానే

వైఫై కెమెరాకు తీగ అక్కరలేదన్నది సగమే నిజం, కరెంటు తీగ ఎలాగూ కావాలి. అద్దె ఇంట్లో గోడలకు రంధ్రాలు చేయలేనివారికి, హాలులో పెద్దవారిని చూసుకోవడానికి, చిన్న దుకాణంలో గల్లాపెట్టె మీదికి ఒక్క కెమెరా చాలనుకునే వారికి ఇది సరైన ఎంపిక. చవక రకం కెమెరాల్లో అధిక భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద మాత్రమే పనిచేస్తాయి. ఆ తరంగాలు 5 గిగాహెర్ట్జ్ కన్నా గోడలను బాగా దాటుతాయి గాని, ఇనుప చువ్వలున్న శ్లాబును, రెండు మూడు ఇటుక గోడలను దాటేసరికి నీరసిస్తాయి. కెమెరా బిగించబోయే చోట ఫోను పట్టుకొని, తలుపులన్నీ మూసి, రౌటరు సిగ్నలు ఎలా ఉందో చూడకుండా కొనవద్దు.

గేటు, ప్రహరీ, మేడ మెట్లు వంటి దొంగ మొదట అడుగుపెట్టే చోట్లను మాత్రం వైఫై మీద వదలకూడదని నా అభిప్రాయం. వైఫై సంకేతాన్ని చవక పరికరంతో చెడగొట్టడం సాధ్యమే. అది జరిగినా, రౌటరు దానంతటదే ఆగినా, లోపల మెమరీ కార్డు లేని కెమెరా ఆ సమయంలో ఏమీ నమోదు చేయదు. వైఫై కెమెరా తప్పదనుకుంటే మెమరీ కార్డు పెట్టే వీలున్నదే తీసుకోండి. రౌటరులో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఉండాలి. కెమెరాలకు అతిథుల నెట్‌వర్క్‌ను వేరుగా తెరిచి, ఇంటి లాప్‌టాపులు, బ్యాంకు పనులు చేసే ఫోన్లు ఉన్న నెట్‌వర్క్‌తో కలవకుండా చూడాలి.

సిమ్ కెమెరా, చెరువు గట్టు

బ్రాడ్‌బ్యాండ్ రాని చోట 4జీ సిమ్ కెమెరా తప్ప దారి లేదని చాలామంది అనుకుంటారు. కొన్నప్పుడు దుకాణదారు చెప్పని లెక్క ఒకటి ఉంది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా దృశ్యాన్ని కుదించే హెచ్.265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపితే గంటకు 0.9 జీబీ, రోజుకు 21.6 జీబీ అవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే రీఛార్జి రెండు గంటల పైచిలుకుకే అయిపోతుంది. కాబట్టి సిమ్ కెమెరాలో నిరంతర రికార్డింగు మెమరీ కార్డు మీదకే వెళ్లాలి, సిమ్‌ను హెచ్చరికలకు, అప్పుడప్పుడు తక్కువ నాణ్యత ప్రసారం చూడడానికి మాత్రమే వాడాలి. సెకనుకు 512 కిలోబిట్ల ఉప ప్రసారమైతే గంటకు దాదాపు 0.23 జీబీ చాలు.

సిమ్ కెమెరా కొనేముందు అది మన దేశపు మొబైల్ తరంగాల బ్యాండ్లలో పనిచేస్తుందో లేదో అడగాలి. ఉదాహరణకు జియో 4జీ బ్యాండ్ 3, 5, 40లలో నడుస్తుంది. పట్టణానికి దూరంగా ఉన్న పొలాలకు ఎక్కువ దూరం చేరేది 850 మెగాహెర్ట్జ్‌లోని బ్యాండ్ 5 కాబట్టి, అది లేని కెమెరా మర్రిపాడు వైపు మెట్ట పొలంలో మొరాయించవచ్చు. ఇక సౌర పలకతో, బ్యాటరీతో నడిచే చిన్న కెమెరాలు నిద్రపోతూ ఉండి, వేడిగల శరీరం కదిలినప్పుడే మేల్కొని కొద్ది సెకన్లు మాత్రమే నమోదు చేస్తాయి. బోరు షెడ్డు తలుపు మీదికి అది చాలు, యార్డులో లారీల రాకపోకలు చూడడానికి చాలదు. నిరంతర రికార్డింగు కావాలంటే పలకను, బ్యాటరీని లెక్క కట్టి పెద్దవిగా పెట్టుకోవలసి ఉంటుంది.

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం తీరాల రొయ్యల రైతులు సిమ్ కెమెరాల కన్నా ముందుగా ఆలోచించవలసిన మరో మార్గం ఉంది. కాపలా గది దాకా బ్రాడ్‌బ్యాండ్ గాని, ఒక్క మంచి 4జీ రౌటరు గాని ఉంటే, అక్కడి నుంచి చెరువు గట్ల మీది స్తంభాలకు రెండు చోట్లను తీగ లేకుండా కలిపే 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ బ్రిడ్జి రేడియోలు పెట్టి, ఎదురెదురుగా చూపు ఆనే దూరంలో కెమెరాలన్నింటినీ ఒకే రికార్డరుకు కలపవచ్చు. నాలుగు కెమెరాలకు నాలుగు సిమ్‌ల నెలవారీ ఖర్చు ఉండదు, రికార్డింగు గదిలో భద్రంగా ఉంటుంది. ఏరియేటర్ల మోటార్లు, రాగి కేబుళ్లు ఉన్న గట్టు మీదికి ఒకటి, మేత నిల్వ గది మీదికి ఒకటి చొప్పున మొదలుపెడితే చాలు, ప్రతి చెరువుకూ కెమెరా అవసరం లేదు. ఏరియేటర్లు నడిచే త్రీఫేజు లైను నుంచి కెమెరాలకు నేరుగా కరెంటు తీసుకుంటే మోటార్లు మొదలై ఆగిన ప్రతిసారీ వోల్టేజీ ఊగుతుంది కాబట్టి మధ్యలో స్టెబిలైజరో, 12 వోల్టుల బ్యాటరీ వ్యవస్థో ఉండాలి. నీటి పక్కన తాత్కాలిక తీగలు వేయవద్దు, ఆ లైనుకు ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా పని మొదలుపెట్టనివ్వవద్దు.

ఐపీ66, ఐపీ67 అన్న గుర్తులు దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఉండడం గురించే చెబుతాయి, ఉప్పుగాలి తుప్పు గురించి ఏమీ చెప్పవు. సముద్రానికి దగ్గరైతే బ్రాకెట్టుకు, స్క్రూలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. చీమకుర్తి యార్డుల్లో సమస్య వేరు, అక్కడ రాతిపొడి అద్దం మీద పేరుకొని రాత్రి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని తిరిగి కెమెరాలోకే కొడుతుంది, బొమ్మంతా తెల్లటి మసకగా కనిపిస్తుంది. అద్దం తుడిచే పని ఎవరిదో ముందే నిర్ణయించాలి. సాలెపురుగులకు కూడా ఈ దీపాల దగ్గరికి వచ్చే పురుగులంటే మక్కువే, అర్ధరాత్రి ఫోనుకు వచ్చే హెచ్చరికల్లో సగం వాటి పుణ్యమే.

బయటి నుంచి చూడడం: అసలు ప్రమాదం ఇక్కడే

పై ఎంపికల్లో ఏది తీసుకున్నా, ఊరి బయట నుంచి ఫోనులో చూడడానికి మూడు దారులు ఉన్నాయి. రౌటరులో పోర్టు అనే ద్వారం తెరిచి కెమెరాను నేరుగా ఇంటర్నెట్‌కు చూపడం మొదటిది, కంపెనీ సర్వరు ద్వారా యాప్‌లో చూడడం రెండవది, ఇంటి నెట్‌వర్క్‌లోకి వీపీఎన్ అనే రహస్య దారి ద్వారా ప్రవేశించి చూడడం మూడవది.

మొదటిదాన్ని నిస్సంకోచంగా తోసిపుచ్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను పెద్ద సంఖ్యలో లోబరచుకొని, ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థపై దాడి చేయడంతో ఎన్నో ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు బయటికి పొక్కి అమ్మకానికి వచ్చిన సంగతి మరీ దారుణమైనది. మొబైల్ కనెక్షన్లలోనూ, చాలా ఫైబర్ కనెక్షన్లలోనూ ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను అనేకమంది చందాదారులకు పంచుతారు కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయకపోవచ్చు. అప్పుడు కొందరు టెక్నీషియన్లు స్టాటిక్ ఐపీ (మనకే కేటాయించిన, మారని చిరునామా) కొనమని సలహా ఇస్తారు. కెమెరాల కోసం మాత్రమే అయితే ఆ ఖర్చు అనవసరం, పైగా ప్రమాదకరం. రౌటరులో యూపీఎన్‌పీ అనే సదుపాయం తెరిచి ఉంటే కెమెరా మనకు తెలియకుండానే పోర్టు తెరుచుకోగలదు, దానిని ఆపివేయించాలి.

రెండవ దారి ఎక్కువమందికి ఆచరణయోగ్యం. ఇందులో నమ్మకమంతా కంపెనీ మీదా, ఖాతా మీదా ఉంటుంది. మన ఊళ్లలో జరిగే పెద్ద లోపం ఏమిటంటే, బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ తన ఫోను నంబరుతోనో తన ఈమెయిలుతోనో ఖాతా తెరిచి, పరికరాన్ని దానికి జోడించి, యజమానికి చూసే వీలు మాత్రం పంచి వెళ్లిపోతాడు. అతను మంచివాడే కావచ్చు, కానీ అతను ఫోను మార్చినా, పని మానేసినా, మన ఇంటి కెమెరాల మీద అసలు హక్కు మన దగ్గర ఉండదు. యజమాని ఫోనులో, యజమాని నంబరుతోనే ఖాతా తెరిపించాలి, రెండంచెల ధ్రువీకరణ ఉంటే పెట్టుకోవాలి, ఎన్‌వీఆర్ అడ్మిన్ పాస్‌వర్డును టెక్నీషియన్ వెళ్లిన తర్వాత మార్చాలి. కుటుంబ సభ్యులకు అడ్మిన్ పాస్‌వర్డు ఇవ్వకుండా చూడడానికి మాత్రమే వీలున్న వేరే లాగిన్‌లు ఇవ్వాలి. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) విడుదల చేసినప్పుడు ఎక్కించాలి.

వీపీఎన్ అన్నింటికన్నా భద్రమైనది గాని, దాన్ని పెట్టి చూసుకోగల మనిషి ఇంట్లోనో సంస్థలోనో ఉంటేనే మేలు. ఆసుపత్రులు, హాస్టళ్లు, పాఠశాలలు మాత్రం ఈ శ్రమకు వెనుకాడకూడదు.

కొనే కెమెరా ప్రభుత్వ నియమాలకు లోబడి ఉందో లేదో కూడా చూడాలి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీ కెమెరాల భద్రతకు విధించిన తప్పనిసరి ప్రమాణాలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులోకి వచ్చాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య, ఈ ప్రమాణాల ధ్రువీకరణ ఉన్న మోడలేనా అని బిల్లు వేయించేముందు అడగడం మన హక్కు. ఓన్‌విఫ్ ప్రమాణాన్ని పాటించే కెమెరా అయితే రేపు మరో కంపెనీ రికార్డరుకు కూడా కలుస్తుంది.

నిల్వ, కటకం, చోటు

సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నాలుగు కెమెరాలు రోజుకు 86.4 జీబీ నింపుతాయి. రెండు టెరాబైట్ల డిస్కు 23 రోజులకు సరిపోతుంది. జనం పెద్ద సంఖ్యలో వచ్చే సంస్థలకు 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం 30 రోజుల నిల్వ కోరుతుంది కాబట్టి కల్యాణ మండపాలు, పెద్ద దుకాణాల వారు నాలుగు టెరాబైట్లకు వెళ్లడం మంచిది. నిఘా కోసం తయారైన డిస్కునే వాడాలి. పెన్నా వరద 2021 నవంబరులో ఎంత ఎత్తుకు వచ్చిందో చూసినవారు రికార్డరును నేల మీది అలమరలో పెట్టరు. గాలి ఆడని చెక్క పెట్టెలో పెట్టి తాళం వేయడం కూడా మే నెల ఎండల్లో డిస్కుకు చేటే.

ఇప్పుడు మెగాపిక్సెళ్ల ప్రశ్నకు రావచ్చు. కొత్త మనిషి ముఖాన్ని పోల్చుకోవడానికి దృశ్యం వెడల్పులో మీటరుకు 250 పిక్సెళ్లు కావాలని నిఘా ప్రమాణాలు చెబుతాయి. రెండు మెగాపిక్సెళ్ల బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు. 2.8 మిల్లీమీటర్ల కటకం సుమారు 100 డిగ్రీల విశాలంగా చూస్తుంది కాబట్టి ఆ లెక్కన ముఖం స్పష్టంగా దొరికేది మూడు మీటర్లకు కాస్త పైన మాత్రమే. 6 మిల్లీమీటర్ల కటకంతో అదే కెమెరా దాదాపు ఎనిమిది మీటర్ల దాకా పనికొస్తుంది, కాకపోతే చూసే వెడల్పు తగ్గుతుంది. అందువల్ల ఒకే విశాల కెమెరాను ఎనిమిది మెగాపిక్సెళ్లకు పెంచే బదులు, గేటు మీదికి సన్నని చూపు గల కెమెరా ఒకటి, ఆవరణ మీదికి విశాలమైనది ఒకటి పెట్టడం తెలివైన ఖర్చు. ఎత్తు ఎనిమిది నుంచి పది అడుగులు చాలు, అంతకన్నా పైన బిగిస్తే తలలే కనిపిస్తాయి. ఉదయం, సాయంత్రం సూర్యుడు నేరుగా అద్దంలో పడని దిక్కు చూడాలి.

పక్కింటి కిటికీ, పెరడు ఆ చూపులోకి రాకూడదు. దాదాపు ప్రతి కెమెరాలోనూ కొంత భాగాన్ని కప్పివేసే ప్రైవసీ మాస్కు ఉంటుంది, వాడుకోవాలి. ఉమ్మడి ఇంటి నివాస భాగంలో తోటి నివాసుల సమ్మతి లేకుండా కెమెరాలు పెట్టరాదన్న కలకత్తా హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025లో సుప్రీంకోర్టు నిరాకరించింది కాబట్టి అన్నదమ్ముల వాటాలున్న ఇళ్లవారు ముందే మాట్లాడుకోవాలి. ఇక తిరుపతికో పెళ్లికో నాలుగు రోజులు ఊరు వెళ్లడం కోసమే కెమెరా కొనాలనుకునేవారు, తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఏపీ పోలీసులు ప్రవేశపెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయం గురించి తమ స్టేషనులో ముందుగా విచారించుకోవచ్చు.

బిగింపు పూర్తయిందని చెప్పి టెక్నీషియన్ డబ్బు అడిగినప్పుడు మూడు పనులు అతని ఎదుటే చేయించండి. రౌటరు ఆపి, అయినా రికార్డింగు సాగుతోందో లేదో చూడండి. మెయిన్ స్విచ్చి తీసి, యూపీఎస్ మీద ఎంతసేపు నడుస్తుందో గమనించండి. చీకటి పడ్డాక మనిషిని గేటు దగ్గర నడిపించి, ఆ దృశ్యాన్ని రికార్డరులోంచి వెనక్కి తిప్పి, ముఖం పోల్చుకోగలిగేలా ఉందో లేదో, దాని మీద తేదీ, సమయం సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. సమయం తప్పుగా ఉన్న రికార్డింగు పోలీసుల దగ్గరా, కోర్టులోనూ అనవసరమైన ప్రశ్నలకు తావిస్తుంది కాబట్టి గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో అనుసంధానం చేయించి, ఆ తర్వాతే మిగిలిన డబ్బు చెల్లించండి.